బీఎస్సీ నర్సింగ్: సీటు కంటే ముందు నాలుగేళ్ళ లెక్క

ఇంటర్ బైపీసీ అయ్యాక నర్సింగ్‌కి వెళ్తున్నా అని చెప్తే చుట్టాల్లో ఎవరైనా సరే ముందు అడిగేది "నీట్ రాలేదా?" అనే. నేను నీట్ రాయలేదు, రాద్దామని అనుకోను కూడా లేదు. నా టెన్త్ సెలవుల్లో మా నానమ్మకి పక్షవాతం వచ్చి గవర్నమెంట్ హాస్పిటల్లో ఉంటే రాత్రి అమ్మ, పగలు నేను దగ్గరుండేవాళ్ళం. డాక్టర్ గారు రౌండ్స్‌లో చూసి చెప్పి వెళ్ళాక ఆ చెప్పిందంతా జరిగేలా చూసేది సిస్టరే అని నాకు అక్కడే తెలిసింది. నానమ్మని పక్కకి తిప్పడం మాకు చేతయ్యేది కాదు, ఇద్దరం కలిసి లాగేవాళ్ళం, ఆవిడ నొప్పికి మూలిగేది. సిస్టర్ వచ్చి నానమ్మ మోకాలు కొద్దిగా మడిచి, ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టి, "అవ్వా, నా దిక్కు చూడు" అంటూ మెల్లగా తన వైపు తిప్పుకుంది. వీపు వెనక దిండు ఆనించింది, మడమలు పరుపుకి ఒత్తుకోకుండా పిక్కల కింద దుప్పటి మడతపెట్టి పెట్టింది. రెండు గంటలకోసారి ఇట్లనే తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి అని నాతోనే చేయించింది. నానమ్మ ఇంకో ఏడాది బతికింది, మంచంలోనే, ఒంటి మీద ఒక్క పుండు లేకుండా. అందుకే నాకు నర్సింగ్ ఏదో రాకపోతే తీసుకున్న సీటు కాదు.

సరే, కావాలనుకోవడం వేరు, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోవడం వేరు. మాది హైదరాబాద్‌లో బోరబండ, నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, ఇద్దరిదీ కలిపినా ఏడాదికి 2 లక్షలు దాటదు, తమ్ముడు తొమ్మిదిలో ఉన్నాడు. మాలాంటి ఇళ్ళల్లో నర్సింగ్ చదవాలనుకునే అమ్మాయిలు చాలామంది ఉంటారు, వాళ్ళకి చెప్పేవాళ్ళు ఉండరు, చెప్పేవాళ్ళలో సగం మంది కమీషన్ కోసం చెప్పేవాళ్ళు. అందుకని నేను తెలుసుకున్నదంతా ఒకచోట రాస్తున్నా, కొంచెం పెద్దగానే అవుతుంది.

ముందు కోర్సు సంగతి. జీఎన్ఎం అని నర్సింగ్ డిప్లొమా ఉంది, మూడేళ్ళు, ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్లేదు, ఇంగ్లిష్ ఉండాలి, 40 శాతం మార్కులు చాలు. బీఎస్సీ నాలుగేళ్ళు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ తప్పనిసరి, ఓసీ వాళ్ళకి 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 40 శాతం, చేరే ఏడాది డిసెంబర్ 31కి 17 ఏళ్ళు నిండాలి. జీఎన్ఎం చేసి తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు, అంటే మొత్తం ఐదేళ్ళు. మా వీధి చివర ఒక ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్స్‌గా చేసే అక్క ఉంది, తను ఆ దారిలోనే వచ్చింది. "ఇంటర్ బైపీసీ చేసినవ్ కద, ర్యాంకు ఉంటే సీదా బీఎస్సీకే పో, నాకు పీజీ చేయాల్నంటే మళ్ల రెండేండ్లు ఎక్స్‌ట్రా పట్టింది" అంది. నాకు ముందుముందు టీచింగ్ వైపు వెళ్ళాలని కూడా ఉంది కాబట్టి బీఎస్సీ అని ఫిక్స్ అయ్యా.

మన దగ్గర, అంటే తెలంగాణలో, బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ సీట్లు, అంటే యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి, ఎంసెట్ ర్యాంకుతో ఇస్తారు, ఇప్పుడు పేరు ఈఏపీసెట్ అనుకోండి, ఇంట్లో అందరం ఎంసెట్ అనే అంటాం. 160 మార్కులు, బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ఇది తెలియక ఇంటర్ మార్కులతోనే సీటు వస్తుందనుకుని ఎంసెట్ రాయని అమ్మాయిలు మా కాలేజీలోనే ఉన్నారు, వాళ్ళకి తర్వాత మిగిలింది మేనేజ్‌మెంట్ కోటా, అంటే కాలేజీ వాళ్ళే నింపుకునే సీటు, లేదా జీఎన్ఎం. బైపీసీలో ఉన్నవాళ్ళు నర్సింగ్ మీద ఆలోచన ఉన్నా లేకపోయినా ఎంసెట్‌కి అప్లై చేసి రాసేయండి, ఆ ఒక్క ర్యాంకు కార్డు చేతిలో ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా లక్షల్లో ఉంటుంది, ఆ లెక్క కింద చెప్తా.

ఎంసెట్ రిజల్ట్ వచ్చాక నర్సింగ్ నోటిఫికేషన్ వెంటనే రాదు. వరంగల్‌లో ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వాళ్ళు ఇస్తారు, నెలలు పడుతుంది, అప్పటికి ఇంజినీరింగ్ వెళ్ళినవాళ్ళు, డిగ్రీ వెళ్ళినవాళ్ళు క్లాసులకి పోతుంటారు, మనం ఇంట్లో కూర్చుని ఉంటాం. ప్రైవేట్ కాలేజీల తరఫున సీట్లు నింపే పీఆర్వోలకి సరిగ్గా ఆ నెలలే సీజన్. నా నంబర్ వాళ్ళకి ఎట్లా దొరికిందో తెలీదు కానీ రోజూ ఫోన్లే. "మేడమ్ సీట్లు అయిపోతున్నయ్, ఇయ్యాల 10 వేలు కట్టి బ్లాక్ చేస్కోండి", "ఫస్ట్ ఇయర్ కడితే చాలు, మిగతాది స్కాలర్‌షిప్‌లో పోతది", "చదువు కాంగనే జర్మనీ, నెలకు రెండు లక్షలు". అమ్మకి ఈ జర్మనీ మాట బాగా ఎక్కింది. జర్మనీకి నర్సులు వెళ్తున్న మాట నిజమే, మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా పంపిస్తోంది, కానీ అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మన్ భాష బీ2 స్థాయి దాకా రావాలి, అది నెల రోజుల్లో వచ్చే పని కాదు, ఆ ఫోన్ చేసినవాళ్ళలో ఒక్కరు కూడా భాష సంగతి ఎత్తలేదు.

బాబాయ్ బలవంతం మీద ఒక ప్రైవేట్ కాలేజీకి వెళ్ళాం, నేను, నాన్న, బాబాయ్. పేరు రాయను. బిల్డింగ్ బాగుంది, రిసెప్షన్‌లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పెద్ద ఫోటో, ఏసీ. అడ్మిషన్ మేడమ్ మాకు మంచినీళ్ళు ఇప్పించి, రంగుల పాంప్లెట్ ఒకటి తీసి, దాన్ని వెనక్కి తిప్పి, పెన్నుతో 1,20,000 అని వేసి చుట్టూ సున్నా చుట్టింది. "ఇంతే సార్, ఏడాదికి" అంది. నేను ఇంటి దగ్గరే అక్కని అడిగి ప్రశ్నలు రాసుకుని వెళ్ళా. నాలుగేళ్ళూ ఇదేనా, ఇందులో ఏమేం కలిసి ఉన్నాయి, యూనిఫామ్ ఎంత, యూనివర్సిటీ ఎగ్జామ్ ఫీజు వేరా, హాస్పిటల్ పోస్టింగ్‌కి, అంటే వార్డుల్లో ట్రైనింగ్‌కి, బస్సు ఎవరిది, పోస్టింగ్ ఏ హాస్పిటల్లో, అక్కడ ఎన్ని బెడ్లు. ఒక్కోటి అడుగుతుంటే ఆ 1,20,000 కింద ఒక్కో అంకె వచ్చి చేరింది: అడ్మిషన్ ఫీజు, యూనిఫామూ షూలూ కలిపి ఒకటి, బస్సు, ల్యాబూ రికార్డులూ, ఎగ్జామ్ ఫీజు, ఇంకా క్లినికల్ ఫీజు అని ఒకటి. మొత్తం కూడితే ఏడాదికి లక్షా అరవై వేలు. ఇది కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు వేసి ఇవ్వండి మేడమ్ అన్నా. "అది జాయిన్ అయినాక ఇస్తాం" అంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవాళే ఇచ్చి వెళ్ళమంది.

నాన్న ఏం మాట్లాడలేదు, నా ఫైల్ తీసి చంకలో పెట్టుకుని "ఆలోచించి చెప్తం మేడమ్" అని లేచాడు. ఆటోలో వస్తూ బాబాయ్ ఒకటే నస, సీటు పోతుంది అన్నా అని. నాన్న అన్నాడు, "పోతే పోనియ్ రా. కాయితం మీద రాయనోళ్లకు పిల్ల కాయితాలు ఎట్ల ఇస్తం?"

నాన్న పట్టుకున్నది సరైన పాయింట్. నేను ఎవరికైనా చెప్పేది కూడా ఇదే, ఫస్ట్ ఇయర్ ఫీజు చూసి కాలేజీలో చేరకండి, నాలుగేళ్ళకి మొత్తం ఎంతో కాగితం మీద తీసుకోండి, తర్వాత వచ్చే మొదటి జీతం పక్కన పెట్టి చూడండి. ఒరిజినల్స్ ఇవ్వకుండా ముందు జిరాక్సులే ఇవ్వండి, చేతిలో ఒరిజినల్స్ లేకపోతే రేపు కౌన్సెలింగ్‌లో మంచి సీటు వచ్చినా కదలలేరు. ఆ కాలేజీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లిస్టులో ఉందా, యూనివర్సిటీ అఫిలియేటెడ్ లిస్టులో ఉందా, ఎన్ని సీట్లకి ఉందో ఆన్‌లైన్‌లో చూడొచ్చు, ఫోన్‌లోనే అయిపోతుంది. హాస్పిటల్ సంగతి ఫీజు కంటే కూడా ముఖ్యం అంటాను నేను. నర్సింగ్ కౌన్సిల్ రూల్స్‌లో బీఎస్సీ కాలేజీకి సొంతంగా 100 పడకల పేరెంట్ హాస్పిటల్ ఉండాలని ఉంది, అది నిజంగా పేషెంట్లతో నడుస్తోందా, బోర్డు మాత్రమే ఉందా అనేది మధ్యాహ్నం పూట వెళ్ళి ఓపీ దగ్గర కాసేపు నిలబడితే తెలిసిపోతుంది. నానమ్మని తిప్పిన సిస్టర్ ఆ పని పుస్తకంలో నేర్చుకోలేదు కదా.

ఇప్పుడు అసలు డబ్బు.

ప్రైవేట్ కాలేజీల్లో 60 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 40 శాతం మేనేజ్‌మెంట్. కన్వీనర్ సీటుకి ఫీజే తక్కువ, దాని మీద ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది, అంటే ఆ ఫీజు గవర్నమెంట్ ఇస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకి రీయింబర్స్‌మెంట్ రాదు. పీఆర్వో "స్కాలర్‌షిప్‌లో పోతది" అన్నది పచ్చి అబద్ధం, ఆ ఒక్క మాట నమ్మి చేరి రెండో ఏడాది ఫీజుకి చెవి కమ్మలు అమ్మిన ఇల్లు మా బస్తీలోనే ఉంది. రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయం లిమిట్ బీసీ, ఈబీసీ, మైనారిటీలకి సిటీలో 2 లక్షలు, ఊళ్ళల్లో లక్షన్నర. చేరాక గవర్నమెంట్ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లై చేయాలి, అటెండెన్స్ 75 శాతం ఉండాలి, బ్యాంక్ అకౌంట్ ఆధార్‌తో లింక్ అయి ఉండాలి.

దీనికి మూలం ఇన్‌కమ్ సర్టిఫికెట్. మీసేవలో అప్లై చేస్తే ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్తుంది. మా దగ్గర వచ్చిన చిక్కేంటంటే రేషన్ కార్డు పాత అడ్రస్ మీద, కరెంట్ బిల్లు ఓనర్ పేరు మీద, నాన్న ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రస్. ఎంక్వైరీకి వచ్చినాయన "మీరు ఇక్కడ ఉంటున్నట్టు ఏముంది?" అని అడిగితే చూపించడానికి ఏమీ లేదు, అంతా తిరిగి మొదటికొచ్చింది. ముందు నాన్న ఆధార్ అడ్రస్ మార్పించి, ఓనర్ ఆంటీ దగ్గర రెంటల్ అగ్రిమెంట్ రాయించుకుని, మళ్ళీ అప్లై చేస్తే అప్పుడొచ్చింది. అద్దె ఇళ్ళల్లో ఉండే అందరికీ ఇదే గొడవ ఉంటుంది, కాబట్టి ఇంటర్ సెకండియర్ ఎగ్జామ్స్ అవ్వగానే అడ్రస్‌లు సరిచేసుకునే పని పెట్టుకోండి. కౌన్సెలింగ్ టైమ్‌లో మొదలుపెడితే గుండె దడ తప్పదు. క్యాస్ట్ సర్టిఫికెట్, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, మెమోలు ఇవన్నీ కూడా అప్పుడే తీసి స్కాన్ చేసి పెట్టుకోండి. నేను ఆరు, ఏడు చదివిన స్కూలు మూతపడింది, ఆ రికార్డులు ఎక్కడున్నాయో వెతకడం ఇంకో కథ, ఎంఈవో ఆఫీసులో దొరికాయి.

రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అని నిశ్చింతగా ఉండటానికి కూడా లేదు. బకాయిలు ఏళ్ళ తరబడి పేరుకుపోతున్నాయి, 2025 నవంబర్‌లో ప్రైవేట్ కాలేజీలు బకాయిల కోసం బంద్ కూడా చేశాయి. గవర్నమెంట్ ఇవ్వకపోతే కాలేజీ ఏం చేస్తుంది, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం అంటుంది, లేదా కోర్సు అయ్యాక సర్టిఫికెట్లు ఆపుతుంది. అక్క వాళ్ళ జూనియర్ ఒకమ్మాయి ఇట్లానే ఇరుక్కుంది, ఉద్యోగం చేతిలో ఉండి, సర్టిఫికెట్ కాలేజీలో ఉండి. కాలేజీకీ గవర్నమెంటుకీ మధ్య ఉన్న బాకీకి చదువుకున్న పిల్ల ఎందుకు జవాబు చెప్పాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఇది అన్యాయం, ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సిందే. కానీ మనం ఇప్పుడు చేయగలిగింది, ఆ డబ్బు ఒక ఏడాది లేటయినా తట్టుకునేలా ఇంకో ఏర్పాటు చేసుకోవడం.

ఆ ఇంకో ఏర్పాటు ఏంటి అన్నదాని మీద ఇంట్లో చాలా రాత్రులు మాట్లాడుకున్నాం. మేనత్త నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానంది. అమ్మ తన పుస్తెల తాడు గోల్డ్ లోన్‌లో పెడదాం అంది. చిట్టీ ఒకటి నడుస్తోంది, దాన్ని లేపుకుందామా అని నాన్న. బ్యాంక్ లోన్ అంటే మాత్రం ఇద్దరికీ భయం, ఆటో ఫైనాన్స్ వాళ్ళతో పడ్డది చూశారు కాబట్టి. నేను నోట్‌బుక్ తీసి అందరికీ అర్థమయ్యే భాషలోనే రాసి చూపించా. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ తొమ్మిదిన్నర శాతం అనుకుంటే నెలకి నూటికి 80 పైసల వడ్డీ కూడా పడదు. గోల్డ్ లోన్ వడ్డీ మరీ ఎక్కువ కాదు కానీ ఏడాదిలో తీర్చాలి లేదా తిరగరాయాలి, నా చదువు నాలుగేళ్ళు, అప్పటిదాకా అమ్మ మెడలో తాడు బ్యాంకు లాకర్లో ఉండాలి. ఎడ్యుకేషన్ లోన్ అయితే చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కట్టమని అడగరు.

నాన్నా నేనూ బ్యాంకుకి వెళ్ళాం, నాన్న అకౌంట్ ఉన్న బ్రాంచికే. లోన్ సెక్షన్ సార్ మంచాయన, ఓపిగ్గా కూర్చోబెట్టి మాట్లాడాడు. మొదటి ప్రశ్నే "కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంటా అమ్మా?" కన్వీనర్ అయితే పని ఈజీ, మేనేజ్‌మెంట్ అయితే పైనుంచి ఇంకా చాలా అడుగుతారు అన్నాడు. 4 లక్షల దాకా షూరిటీ, తాకట్టు ఏమీ అక్కర్లేదు, మన చేతి డబ్బు కూడా పెట్టక్కర్లేదు, తల్లి గానీ తండ్రి గానీ కో-బారోవర్‌గా సంతకం పెడితే చాలు. 4 దాటి ఏడున్నర లక్షల దాకా కూడా తాకట్టు లేకుండా ఇస్తారు, దానికి కేంద్రం గ్యారంటీ ఫండ్ ఉంది. నాన్న సిబిల్, అంటే పాత అప్పులు ఎట్లా కట్టాడో ఉండే రికార్డు, చూశాడు, ఆటో ఈఎంఐలు రెండు లేటయినట్టు కనబడింది, కానీ క్లియర్ చేసినట్టు కూడా ఉంది, పర్లేదు అన్నాడు. అప్పటిదాకా నాన్న కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు, ఆ మాట విన్నాక వెనక్కి ఆనుకున్నాడు.

2024 నవంబర్‌లో కేంద్రం పెట్టిన ఎడ్యుకేషన్ లోన్ స్కీమ్ పీఎం విద్యాలక్ష్మి గురించి కూడా అడిగా. అది ర్యాంకులు మంచిగా ఉన్న పెద్ద సంస్థల లిస్టుకే, మనం చేరే నర్సింగ్ కాలేజీలు చాలావరకు అందులో ఉండవు. మాకు పనికొచ్చింది ఇంకోటి, కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, ప్రొఫెషనల్ కోర్సుకి, చదివే కాలంలోనూ ఆ తర్వాత ఏడాదిలోనూ పడే వడ్డీ కేంద్రమే కడుతుంది. నర్సింగ్‌కి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కాలేజీ అయి ఉండాలి. ఇక్కడ కూడా అడిగేది ఇన్‌కమ్ సర్టిఫికెట్టే, అడ్రస్ మార్పించడానికి పడ్డ తిప్పలు రెండు చోట్ల పనికొచ్చాయి. ఈ వడ్డీ సబ్సిడీ దానంతటది రాదు, లోన్ శాంక్షన్ అయ్యేటప్పుడే బ్రాంచిలో అడిగి అప్లై చేయించుకోవాలి.

వడ్డీ ఎంత పడుతుందో నేను వేసిన లెక్క ఇది. ఏడాదికి 75 వేల చొప్పున నాలుగేళ్ళలో 3 లక్షలు తీసుకున్నాం అనుకుందాం, తొమ్మిదిన్నర శాతం. చదువుకునేటప్పుడు బారువడ్డీనే వేస్తారు. 75 వేలకి ఏడాది వడ్డీ 7,125. మొదటి ఏడాది తీసుకున్నదానికి ఐదేళ్ళు పడుతుంది, రెండోదానికి నాలుగు, మూడోదానికి మూడు, ఆఖరిదానికి రెండు, కలిపితే 14 ఏళ్ళ వడ్డీ, అంటే 99,750. దాదాపు లక్ష! సబ్సిడీ వస్తే ఈ లక్ష మన నెత్తి మీద ఉండదు, పదేళ్ళలో తీరిస్తే నెలకి 3,900 లోపు ఈఎంఐ. సబ్సిడీ రాకపోతే 4 లక్షలకి నెలకి 5,200 దాకా.

అదే ఆ పాంప్లెట్ వెనక లెక్క తీసుకోండి. ఏడాదికి లక్షా అరవై వేలు, నాలుగేళ్ళకి 6 లక్షల 40 వేలు, అంతా లోన్ తీసుకుంటే పైన వడ్డీ 2 లక్షల 12 వేలు, మొత్తం ఎనిమిదిన్నర లక్షలు, పదేళ్ళకి నెలకి 11 వేలు. అక్కకి ప్రైవేట్ హాస్పిటల్లో మొదట్లో ఇచ్చిన జీతం 16 వేలు. హాస్టల్ అద్దె, తిండి పోను ఇంటికి ఏం పంపాలి, ఈఎంఐ ఏం కట్టాలి? ఈ లెక్క చూసాకే బాబాయ్ సీటు పోతుందనడం ఆపేశాడు. గవర్నమెంట్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగం వస్తే జీతం బాగుంటుంది, 2024 జనవరిలో ఎల్బీ స్టేడియంలో వేల మందికి అపాయింట్‌మెంట్ లెటర్లు ఇచ్చారు, ఆ రిక్రూట్‌మెంట్‌లో పోస్టులు 7,094. కానీ అలాంటి నోటిఫికేషన్ మళ్ళీ నేను పాసయ్యేనాటికి పడుతుందని నమ్మి ఇవాళ అప్పు చేయకూడదు. అప్పు చేసేటప్పుడు పక్కన పెట్టి చూడాల్సింది ప్రైవేట్ హాస్పిటల్ మొదటి జీతాన్నే.

నోటిఫికేషన్ పడ్డాక పని త్వరగానే నడిచింది. రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల అప్‌లోడ్, మెరిట్ లిస్ట్, తర్వాత వెబ్ ఆప్షన్లు. ఆప్షన్లు పెట్టేటప్పుడు మొదట గవర్నమెంట్ కాలేజీలన్నీ పెట్టా, సోమాజిగూడ, గాంధీ మొదలుకుని జిల్లాల్లో ఉన్నవి కూడా, ఫీజు నామమాత్రం, స్టైపెండ్ ఉంటుంది, పేషెంట్లకి కొదవ ఉండదు. తర్వాత సొంత హాస్పిటల్ ఉన్న ప్రైవేట్ కాలేజీలు, అందులో మా ఇంటి నుంచి బస్సులో వెళ్ళగలిగేవి ముందు. పంజాగుట్ట నిమ్స్ హాస్పిటల్ వాళ్ళు తమ నర్సింగ్ కాలేజీకి సొంతంగా వేరే నోటిఫికేషన్ ఇస్తారు, యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో కనబడదు, దానికీ విడిగా అప్లై చేశా. ఆప్షన్లు ఇష్టమొచ్చినట్టు కాకుండా నిజంగా వెళ్ళాలనుకునే వరసలోనే పెట్టండి, ర్యాంకు తక్కువ కదా మనకి రాదులే అని గవర్నమెంట్ కాలేజీని కిందికి తోయకండి, పైన పెట్టినంత మాత్రాన పోయేదేం లేదు.

నాకు గవర్నమెంట్ కాలేజీ రాలేదు. ఆ రోజు కాస్త ఏడ్చా. కన్వీనర్ కోటాలో ప్రైవేట్ కాలేజీ వచ్చింది, సొంత హాస్పిటల్ ఉంది, వెళ్ళి ఓపీ దగ్గర నిలబడి చూసినదే, జనం ఉన్నారు, క్యాజువాలిటీ నడుస్తోంది. ఫీజు కాగితం అడిగితే లెటర్‌హెడ్ మీద నాలుగేళ్ళకీ టైప్ చేసి స్టాంపు వేసి ఇచ్చారు.

ఏర్పాటు చివరికి ఇట్లా కుదిరింది. ట్యూషన్ ఫీజుకి రీయింబర్స్‌మెంట్. యూనిఫామ్, పుస్తకాలు, స్పెషల్ ఫీజు, ఎగ్జామ్ ఫీజు చిట్టీ డబ్బులోంచి, నాన్న రెండు నెలలు ఆగి లేపితే పాట తక్కువకే వచ్చింది. హాస్టల్ వద్దనుకున్నాం. అమీర్‌పేట వైపు హాస్టల్ అంటే నెలకి ఆరేడు వేలు, బస్సు అయితే 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ, ఆధార్ చూపిస్తే జీరో టికెట్, రెండు బస్సులు మారాలి, పొద్దున ఐదున్నరకి లేవాలి, అయినా నాలుగేళ్ళలో హాస్టల్ కింద మిగిలేది చూస్తే ఇంకో ఆలోచన అక్కర్లేదు. లోన్ మాత్రం 3 లక్షలకి శాంక్షన్ చేయించుకుని పెట్టుకున్నాం, ఇంతవరకు ఒక్క రూపాయి తీయలేదు. ఎంత తీస్తే అంతకే వడ్డీ కాబట్టి, రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై కాలేజీ ఫీజు కట్టమంటే ఆ ఏడాదికి కావాల్సినంతే తీస్తాం, మేనత్త దగ్గరికి వెళ్ళాల్సిన పని ఉండదు. అమ్మ పుస్తెల తాడు అమ్మ మెడలోనే ఉంది.

క్లాసులు మొదలై కొన్ని వారాలైంది. అనాటమీ నేను భయపడినంత లేదు, బెడ్ మేకింగ్ డెమో మాత్రం బాగా చేశానని మేడమ్ అందరి ముందూ అంది. ఈపాస్‌లో నా అప్లికేషన్ ఇంకా కాలేజీ లాగిన్‌లోనే పెండింగ్‌లో ఉంది, బయోమెట్రిక్‌లో వేలిముద్ర పడటం లేదు, సోమవారం ఆఫీస్ మేడమ్‌ని మళ్ళీ అడగాలి. పోస్టింగ్స్‌కి ముందు హెపటైటిస్-బీ టీకా వేయించుకోమన్నారు, మొదటి డోసు అయింది, రెండోది నెలకి, మూడోది ఆరు నెలలకి.